చెవి కింద నొప్పిలేని గడ్డ
(ఆలయ ప్రాంగణంలో జరిగిన ఆరోగ్య సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వైద్యుడను కాను. 34 సంవత్సరాలు పాఠశాలలో తెలుగు బోధించి 2008లో పదవీ విరమణ చేసినవాడను. చిక్కడపల్లిలో కాపురం. వైద్యులు మాట్లాడవలసిన విషయాన్ని నన్ను మాట్లాడమని ట్రస్టువారు కోరడానికి కారణం ఒక్కటే. లాలాజల గ్రంథులకు వచ్చే ఒక అరుదైన క్యాన్సరుతో నేను 14 సంవత్సరాలుగా కలిసి జీవిస్తున్నాను. దాని పేరు అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా. ఆ పేరు తడబడకుండా పలకడానికే నాకు వారం రోజులు పట్టింది.

2011 జూన్‌లో క్షవరం చేస్తున్న మంగలి నా ఎడమ చెవి తమ్మె కింద వేలు ఆనించి, "పంతులు గారూ, ఇక్కడేదో గట్టిగా తగులుతోంది, చూసుకున్నారా?" అని అడిగాడు. చూసుకుంటే రేగుపండంత గడ్డ. నొప్పి లేదు, జ్వరం లేదు, రంగు మారలేదు. ఇంట్లో చెప్పగానే అందరి నోటా ఒకే మాట వచ్చింది: గవద బిళ్ళలు. పక్కింటి పెద్దమ్మగారు మెడలో బంగారు గొలుసు వేసుకొమ్మన్నారు. మా ఇంటావిడ తన గొలుసు తీసి ఇచ్చింది కూడా. అరవై ఒకటవ ఏట ఆ అలంకారం నాకు నప్పలేదు.

గవద బిళ్ళలకూ ఈ గడ్డకూ భేదం తెలుసుకోవడం కష్టమైన పని కాదు. గవదలు జ్వరంతో, నొప్పితో, ఒకటి రెండు రోజుల్లో పొంగుతాయి. చాలామందికి రెండు వైపులా వస్తాయి. వారం పది రోజుల్లో వాటంతట అవే తగ్గుతాయి. దవడ కింది గ్రంథి నాళంలో రాయి చేరితే వాపు భోజన సమయంలో ఉబ్బి, తరువాత తగ్గుతూ ఉంటుంది. కణితి అలా కాదు. భోజనంతో పనిలేదు, జ్వరంతో పనిలేదు. వచ్చిన చోటనే కూర్చుంటుంది. మూడు వారాలు దాటినా కదలని గడ్డ ఏదైనా సరే, పెద్దవారి మెడలో గాని, చెవి కింద గాని, నోటిలో గాని ఉంటే వైద్యునికి చూపించాలి. నొప్పి లేదు గదా అని ఊరుకోవడం తగదు. ఈ జబ్బు విషయంలో నొప్పి లేకపోవడం ఏ భరోసానూ ఇవ్వదు.

ఇక్కడ శరీర నిర్మాణం కొంచెం చెప్పుకోవాలి. మన నోట్లో రోజుకు సుమారు అర లీటరు నుండి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది. దానిని ఇచ్చే పెద్ద గ్రంథులు మూడు జతలు: చెవి ముందు, కింద ఉండే కర్ణమూల గ్రంథులు, దవడ కింద ఉండే అధోజంభిక గ్రంథులు, నాలుక కింద ఉండే అధోజిహ్విక గ్రంథులు. ఇవిగాక పెదవుల లోపల, బుగ్గల్లో, అంగిట్లో, నాలుక మొదట్లో కంటికి కనిపించని చిన్న గ్రంథులు 600 నుండి 1000 దాకా ఉంటాయి. వీటిలో దేనికైనా కణితి రావచ్చు. ఎక్కువ భాగం కర్ణమూల గ్రంథికే వస్తాయి. అక్కడ వచ్చేవాటిలో దాదాపు అయిదింట నాలుగు క్యాన్సర్లు కావు. దవడ కింది గ్రంథికి వస్తే సుమారు సగం, అంగిటి వంటి చోట్ల చిన్న గ్రంథులకు వస్తే సగానికి మించి క్యాన్సర్లే. అంటే గ్రంథి ఎంత చిన్నదైతే అనుమానం అంత పెద్దది కావాలన్నమాట.

నాకు మొదట రెండు విడతలు యాంటీబయాటిక్ మాత్రలు రాశారు. గడ్డ చెక్కుచెదరలేదు. తరువాత ఒక చిన్న నర్సింగ్ హోములో, దాని పేరు ఇక్కడ అనవసరం, "అరగంట పని మాస్టారూ, మత్తు సూది ఇచ్చి గడ్డ తీసేస్తాం, సాయంత్రానికి ఇంటికి వెళ్ళిపోవచ్చు" అన్నారు. ఈ అరగంట పనికి ఎవరూ ఒప్పుకోరాదని చెప్పడానికే ముఖ్యంగా నేనీ రోజు నిలబడ్డాను.

కారణం వినండి. కర్ణమూల గ్రంథి మధ్యనుండి ముఖనాడి పోతుంది. కపాలం నుండి బయటికి వచ్చి, గ్రంథి లోపల చెట్టు కొమ్మల వలె అయిదు శాఖలుగా చీలుతుంది. కనుబొమ్మ ఎత్తడం, కన్ను మూయడం, చిరునవ్వు, పెదవి కదలిక అన్నీ దాని చేతిలోనే ఉన్నాయి. పైనుండి చిన్న గాటు పెట్టి గడ్డను గిల్లి తీసేవారికి ఆ నాడి కనిపించదు. రెండవది, గడ్డ పొర చిట్లితే కణాలు చుట్టూ చిందుతాయి. క్యాన్సరు కాని మామూలు కణితి విషయంలో కూడా, అలా చిందినవి ఏళ్ళ తరువాత పది చోట్ల మొలకెత్తి, మళ్ళీ ఆపరేషను చేయడం దుష్కరమవుతుంది. కనుక గడ్డను మాత్రమే కాక, ముఖనాడిని ముందుగా వెదకి పట్టుకొని, దానిని కాపాడుతూ, గ్రంథి భాగంతో సహా తీయాలి. అది రెండు మూడు గంటల పని, అందులో ఆరితేరినవారు చేయవలసిన పని.

అంతకంటే ముందు గడ్డ ఏమిటో తెలియాలి. నారాయణగూడ చౌరస్తా దగ్గరి ఒక ప్రయోగశాలలో సన్నని సూదితో కణాలు తీసి పరీక్షించారు. దీనిని ఎఫ్.ఎన్.ఎ.సి. అంటారు. రక్తపరీక్షకు గుచ్చినంతే బాధ. "సూది గుచ్చితే క్యాన్సరు రేగుతుంది" అని మనవాళ్ళలో గట్టి నమ్మకం ఉన్నది. ఆ మాట నాకు కనీసం పదిమంది చెప్పారు. సన్నని సూది వలన జబ్బు వ్యాపించడం అత్యంత అరుదు. అరకొరగా కోయడం వలన వ్యాపించే ప్రమాదం మాత్రం నిజం. మనం సూదికి భయపడి కత్తికి తలవంచుతున్నాము!

నివేదికలో ఒక్క మాటతో తీర్పు రాలేదు. హానిలేని ప్లియోమార్ఫిక్ అడినోమా కావచ్చు, అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా కావచ్చు, నిర్ధారణకు మరింత పరీక్ష కావాలి అని రాశారు. సూదిలో వచ్చిన కొద్ది కణాలలో ఈ రెండూ ఒకదానినొకటి పోలి ఉంటాయట. పరీక్షించిన వైద్యురాలు ఓపికగా కూర్చోబెట్టి వివరించారు. ఈ క్యాన్సరు ముక్కను సూక్ష్మదర్శినిలో చూస్తే జల్లెడ కనిపిస్తుందట. కణాల గుంపుల మధ్య గుండ్రని రంధ్రాలు. 19వ శతాబ్దిలో జర్మన్ శస్త్రవైద్యుడు బిల్‌రోత్, ఆ స్తంభాల వంటి ఆకారాలను చూసి దీనికి సిలిండ్రోమా అని పేరు పెట్టాడు. దీని కణాలలో రెండు జన్యువులు తెగి ఒకదానితో ఒకటి అతుక్కొని ఉంటాయని 2009లో స్వీడన్ పరిశోధకులు చూపించారు. నా జబ్బు బయటపడడానికి రెండేళ్ళ ముందు సంగతి అది.

తరువాత ఎమ్.ఆర్.ఐ. తీశారు. ఈ జబ్బుకు ఎమ్.ఆర్.ఐ. ఎందుకు ముఖ్యమంటే, దీనికి నాడుల వెంట పాకే గుణం ఉన్నది. ఎలుక గోడ వెంబడి పోయినట్లు, గడ్డను వదలి నాడిని పట్టుకొని కపాలం దాకా పోగలదు. ముఖంలో తిమ్మిరి, చీమలు పాకినట్లుండడం, ఒకవైపు పెదవి వంకర పోవడం, కన్ను సరిగా మూతపడకపోవడం ఉంటే ఆ గడ్డను ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకుండా చూపించాలి. ముఖం వంకరపోతే వెంటనే పక్షవాతమని, గాలి సోకిందని అనుకొని ఊరుకోకండి. చెవి కింద తడిమి చూసుకోండి. ఊపిరితిత్తులకు సి.టి. స్కాన్ కూడా తీశారు. ఈ జబ్బు మెడ గ్రంథులకంటే ఊపిరితిత్తులకు పాకడమే ఎక్కువ.

అప్పుడు మొదలైనవి పరామర్శలు. నోటికి సంబంధించిన క్యాన్సరు అనగానే మన సమాజంలో మొదటి ప్రశ్న: "గుట్కా వేసేవారా? జర్దా నమిలేవారా?" పొగాకు వలన నోటి క్యాన్సరు వస్తుందన్నది నూటికి నూరుపాళ్ళు నిజం, మానవలసిందే. కానీ లాలాజల గ్రంథుల క్యాన్సరుకు, ముఖ్యంగా ఈ అడినాయిడ్ సిస్టిక్ రకానికి, పొగాకుతో అటువంటి స్పష్టమైన సంబంధం లేదు. వక్క పలుకు కూడా ఎరుగని నన్ను అనుమానంగా చూసినవారున్నారు. మరి కొందరు, అందులో మన ఆలయానికి నిత్యం వచ్చేవారూ ఉన్నారు, "ఏ జన్మలో ఏం చేశారో" అన్నారు. వారికి నేను చెప్పినదే మీకూ చెబుతాను. కర్మ సిద్ధాంతం మన గురించి మనం ఆలోచించుకోవడానికి చెప్పినది. ఎదుటివాని మంచం దగ్గర కూర్చొని చదవడానికి కాదు. అటువంటి మాటకు భయపడి జబ్బు దాచుకొనేవారు ఎందరో ఉన్నారు, ముఖ్యంగా స్త్రీలు. పెళ్ళి కావలసిన పిల్లలున్న ఇళ్ళలో మరీ ఎక్కువ.

2011 అక్టోబరులో శస్త్రచికిత్స జరిగింది. ముందురోజు సాయంత్రం వైద్యులు స్పష్టంగా చెప్పారు: "మాస్టారూ, నాడి బాగా పనిచేస్తున్నది. గడ్డ దానిని చుట్టుకోకపోతే కాపాడతాము. చుట్టుకొని ఉంటే ఆ శాఖను వదులుకోవాలి. మీరు ఒప్పుకోవాలి." సంతకం చేశాను. నాడి నిలిచింది గాని, కింది శాఖలు బాగా కందిపోయి కొన్ని నెలలు పనిచేయలేదు. ఎడమ పెదవి కలవక నోట పవర్గం పోయింది. ప, ఫ, బ, భ, మ. పెదవులు కలిస్తే తప్ప పలకని అక్షరాలు. జీవితమంతా ఓష్ఠ్యాలంటే ఏమిటో పిల్లలకు చెప్పినవాణ్ణి, "గోపాల" అనబోతే మధ్య అక్షరం గాలిలో కలిసిపోయేది. మా మనుమరాలికి నా మాట అర్థమయ్యేది కాదు. దండి దశకుమార చరిత్రలో మంత్రగుప్తుడు పెదవి గాయపడి తన కథనంతా ఓష్ఠ్యాక్షరాలు లేకుండా చెబుతాడు. ఆ ఘట్టాన్ని తరగతిలో చమత్కారంగా చెప్పేవాణ్ణి. అది నా పాలికి నిత్యకృత్యమైంది. అద్దం ముందు కూర్చొని రోజుకు రెండుసార్లు "పాప, బొమ్మ, పంపు, మామ" అని ఒకటవ తరగతి పిల్లవానివలె వల్లించాను. అయిదవ నెలలో "మ" వచ్చింది. "ప" అన్నిటికంటే చివర వచ్చింది. నేటికీ నేను వేగంగా మాట్లాడితే అది కొంచెం జారుతుంది, మీరు గమనించే ఉంటారు.

శస్త్రచికిత్స తరువాత రేడియేషన్. ఈ జబ్బు నాడుల వెంట కనిపించకుండా పాకుతుంది కనుక, కోత శుభ్రంగా జరిగినా చాలామందికి రేడియేషన్ ఇస్తారు. నాకు 33 విడతలు, వారానికి అయిదు రోజులు, ఆరు వారాలు దాటింది. ముఖానికి ప్లాస్టిక్ తొడుగు బిగించి కదలకుండా పడుకోబెడతారు. రెండు మూడు నిమిషాల పని, నొప్పి లేదు. కష్టమంతా తరువాతనే. నోరు ఎండిపోయింది, రుచి పోయింది. మన ఆలయ పులిహోర నాలుకకు నిప్పయ్యేది. చక్కెర పొంగలి మాత్రం మెల్లగా జారేది. నియమాలు పాటించేవారికి ఒక మనవి. రేడియేషన్ జరిగే రోజుల్లో ఉపవాసాలు చేయకండి. బరువు తగ్గితే ముఖపు తొడుగు వదులై, చికిత్స గురి తప్పే ప్రమాదమున్నది. చాలామందికి తెలియని విషయం ఇంకొకటి. రేడియేషన్ మొదలుపెట్టే ముందే పళ్ళ వైద్యునికి చూపించుకొని, పాడైన పళ్ళు తీయించుకోవాలి. తరువాత ఆ దవడ ఎముకకు మానే శక్తి తగ్గుతుంది. అప్పుడు పన్ను పీకితే ఆ గాయం నెలల తరబడి మానకపోవచ్చు.

కీమోథెరపీ ఎందుకివ్వలేదని చాలామంది అడుగుతారు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పరిశోధనాలయం నుండి మెథోట్రెక్సేట్ వంటి మహత్తరమైన మందు లోకానికి వచ్చింది. కానీ ఒక్కొక్క క్యాన్సరు ఒక్కొక్క తీరు. నిదానంగా పెరిగే ఈ జబ్బు మీద అటువంటి మందుల ప్రభావం స్వల్పం. "ఖరీదైన మందు ఇవ్వలేదు, సరిగా చూడలేదు" అని వైద్యులను అనుమానించకండి.

చిన్న విచిత్రం ఒకటి. కోలుకున్న తరువాత భోజనానికి కూర్చుంటే నా ఎడమ చెంప చెమర్చేది. చెమట నాళాలకు పోవలసిన నాడీ తంతువులూ, లాలాజలానికి పోవలసినవీ తెగిన తరువాత దారి తప్పి అతుక్కోవడం దీనికి కారణం. 1923లో దీనిని వివరించినది పోలండ్ దేశపు నాడీ వైద్యురాలు లూచ్యా ఫ్రే. ఆమె పేరుతోనే దీనిని పిలుస్తారు. యూదు కుటుంబంలో పుట్టిన ఆమె రెండవ ప్రపంచ యుద్ధంలో నాజీల హింసకు బలియైనదని చదివి, ఆ రోజు అన్నం ముందు చాలాసేపు కూర్చున్నాను.

అశోక్ నగర్ విద్యార్థుల గురించి కూడా చెప్పాలి. గ్రూప్స్ పరీక్షల కోసం జిల్లాల నుండి వచ్చి, చిన్న గదుల్లో నలుగురైదుగురు ఉంటూ, సిటీ సెంట్రల్ లైబ్రరీలో పగలంతా చదివే పిల్లలు మన వీధుల నిండా ఉన్నారు. వారిలో ఒక అబ్బాయి, నా సంగతి ఎవరి ద్వారానో తెలుసుకొని ఇంటికి వచ్చాడు. అంగిట్లో ఒక పక్క చిన్న ఉబ్బు, నీలి ఛాయలో ఉన్నది. ఎనిమిది నెలలుగా ఉన్నదట. "పరీక్ష అయ్యాక చూపించుకుంటాను సార్, ఇప్పుడు ఇంట్లో చెబితే వెనక్కి రమ్మంటారు" అన్నాడు. పరీక్ష తేదీ ఎప్పుడని అడిగితే ఇంకా ప్రకటించలేదన్నాడు! మరునాడు నేనే వెంట వెళ్ళాను. ముక్క పరీక్షలో తేలినది మ్యూకోఎపిడెర్మాయిడ్ కార్సినోమా, తక్కువ తీవ్రత గల రకం. లాలాజల గ్రంథుల క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఇదే, యువకులకూ వస్తుంది. ఆరంభ దశలో పూర్తిగా తీసివేస్తే చాలామందికి అంతటితో సరి. ఆ అబ్బాయికి రేడియేషన్ కూడా అవసరం కాలేదు. పరీక్ష ప్రకటన వెలువడేనాటికి గాయం మానింది.

ఖర్చు మాట. రెడ్ హిల్స్‌లోని మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సర్ ఆసుపత్రి 1955 నుండి ప్రభుత్వ రంగంలో సేవ చేస్తున్నది. 2000 జూన్ 22న నాటి ప్రధాని వాజపేయి గారు ప్రారంభించిన బసవతారకం ఆసుపత్రి బంజారా హిల్స్‌లో ఉన్నది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో క్యాన్సరు చికిత్సలు ఉన్నాయి. తెలంగాణలో ఆ పథకం పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. నా రోజుల్లో ఆటోల్లో తిరిగాము. 2020 ఫిబ్రవరి నుండి చిక్కడపల్లిలోనూ నారాయణగూడలోనూ మెట్రో ఎక్కి, ఎం.జి.బి.ఎస్.లో మారి, లక్డీకాపూల్‌లో దిగితే రెడ్ హిల్స్ దగ్గరే. రేడియేషన్‌కు రోజూ తిరగవలసిన వారికి ఇది చిన్న విషయం కాదు.

ఇక అందరూ అడిగే ప్రశ్న: "పూర్తిగా నయమైందా?" నేను సూటిగా చెబుతాను. కాలేదు. చాలా క్యాన్సర్లకు అయిదేళ్ళు దాటితే గండం గడిచినట్లు భావిస్తారు. ఈ జబ్బుకు ఆ లెక్క పనికిరాదు. పదేళ్ళకు, ఇరవై ఏళ్ళకు కూడా తిరిగి కనిపించగలదు. అయిదేళ్ళు నిండగానే మా బంధువులు సత్యనారాయణ వ్రతం చేయించి, ఇక ఆసుపత్రి ముఖం చూడనవసరం లేదన్నారు. వ్రతం చేశాను, ప్రసాదం తిన్నాను, స్కాన్‌కూ వెళ్ళాను. 2020 చివరలో, తొమ్మిదవ ఏట, ఊపిరితిత్తుల్లో మూడు చిన్న మచ్చలు కనిపించాయి. పెద్దది ఆరు మిల్లీమీటర్లు. ఆ రోజు ఇంటికి వచ్చి ఎవరితోనూ మాట్లాడలేదు.

వైద్యులు వెంటనే ఏ మందూ ఇవ్వలేదు. ఆరు నెలలకొకసారి స్కాన్ తీసి, పెరుగుదల ఎంతో చూద్దామన్నారు. మందు లేకుండా చూస్తూ కూర్చోవడమేమిటని మా అబ్బాయి కోపగించాడు. ఇప్పటికి అయిదేళ్ళు. పెద్ద మచ్చ రెండు మిల్లీమీటర్లు పెరిగింది, తక్కిన రెండూ అలాగే ఉన్నాయి. దగ్గు లేదు, ఆయాసం లేదు. ఉదయం నడక మానలేదు. వేగంగా పెరిగిన నాడు ఏమి చేయాలో వారు చెప్పి ఉంచారు. ఈ జబ్బు నిదానమే మొదట నన్ను ఏమార్చింది. ఆ నిదానమే ఇప్పుడు నాకు ఈ ఏళ్ళను ఇస్తున్నది. ప్రతి స్కాన్‌కు ముందు వారం రోజులు నిద్ర సరిగా పట్టదు, అది మాత్రం అలవాటు కాలేదు. మా ఇంటావిడ ఆ వారం రోజులు నాకు లెక్కలేనన్ని పనులు పురమాయిస్తుంది, బియ్యంలో రాళ్ళు ఏరడంతో సహా.

చివరగా ఒక ఆచరణయోగ్యమైన సలహా. శస్త్రచికిత్సలో తీసిన ముక్కను మైనపు దిమ్మెలో భద్రపరుస్తారు, గాజు పలకల మీద నమూనాలు చేస్తారు. ఆసుపత్రి నుండి నివేదికల నకళ్ళతో పాటు, అవి ఎక్కడ, ఎన్ని ఏళ్ళు ఉంచుతారో అడిగి తెలుసుకోండి. పదేళ్ళ తరువాత జబ్బు మళ్ళీ కనిపిస్తే పాత ముక్కతో పోల్చి చూడాలి. నా ఫైలు మా ఇంట్లో దేవుని గది అలమరలో, పంచాంగాల పక్కన ఉంటుంది.

ప్రశ్నలున్నవారు సందేహించకండి. తీర్థప్రసాదాల తరువాత మండపం దగ్గర కూర్చొని ఉంటాను. ఎవరికైనా గడ్డ ఉండి, వైద్యుని దగ్గరకు ఒంటరిగా వెళ్ళడానికి జంకుగా ఉంటే చెప్పండి, వెంట వస్తాను. శుక్రవారం ఒక్కటి వద్దు. ఆ రోజు నాకు స్కాన్ ఉన్నది.